డైరెక్ట్ చేసిన కాఫీ మిషను

అలీ సాహెబ్ కోపమంతా సందీప్ మీద. బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు బెంగళూరులో ఉండక, ఇంటి నుంచే పనంటూ నరసరావుపేట వచ్చి కూర్చోవడం ఏమిటి? వచ్చినవాడు బట్టలూ కంప్యూటరూ తెచ్చుకుని ఊరుకోక ఆ కాఫీ మిషను మోసుకురావడం ఏమిటి? తెచ్చినవాడు దాన్ని తన గదిలో పెట్టుకోక తల్లి ప్రమీలమ్మ వంటింట్లో పెట్టడం ఏమిటి? ఇప్పటికీ ఎవరైనా కదిలిస్తే ఇదే అడుగుతాడు. పేటలో పాలు లేవా, పొడి లేదా, ఫిల్టరు లేదా అంటాడు. వినేవాళ్లు తలూపి ఊరుకుంటారు. ఇంతకీ సందీప్ చేసిన తప్పేమిటని ఎవరూ అడగరు. అడిగితే చెప్పాల్సింది సందీప్ సంగతి కాదని అలీ సాహెబ్‌కు తెలుసు.

అతనిది వినుకొండ రోడ్డులో మోటారు వైండింగ్ దుకాణం. రేకుల షెడ్డు, ముందర నాపరాయి అరుగు, అరుగు మీద పొట్ట విప్పేసిన నీళ్ల మోటార్లు. ఆరో తరగతి సగంలో బడి మానేసి తండ్రి పక్కన కూర్చుని రాగి తీగ చుట్టడం మొదలుపెట్టాడు. యాభై దాటినా ఇంకా చుడుతూనే ఉన్నాడు. దుకాణం అతనిదే గాని దాని కింద నేల అతనిది కాదు. అది ప్రమీలమ్మది. శావల్యాపురంలోని పుట్టింటివాళ్లు పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఆమెకు రాసిచ్చిన స్థలంలో తూర్పు మూల ముక్క. అలీ సాహెబ్ తండ్రి ఆ మూలలో అద్దెకు దిగాడు, కొడుకు కొనసాగాడు.

ఈ ఏడు ప్రమీలమ్మ భర్త వెంకట్రామయ్య ఆ స్థలంలో కాంప్లెక్సు లేపాలని నిశ్చయించాడు. ఊళ్లో పొలమూ, పార్టీలో పలుకుబడీ ఉన్న మనిషి. ఆయన అనుకున్నాడంటే మిగతా అద్దెవాళ్లు నెల తిరక్కుండా ఖాళీ చేశారు. అలీ సాహెబ్ కూడా సామాను సర్దుకోవాల్సిందే. కాని ప్రమీలమ్మ అడ్డం తిరిగింది. ఆ మూల ముక్క అలీదేనని తను ఎప్పుడో మాట ఇచ్చానని, పాత ధరకే రాసిస్తానని, తన పుట్టింటి సొత్తు మీద తన మాట చెల్లకపోతే ఆ కాంప్లెక్సు తనకు వద్దని మొగుడి మొహం మీదే చెప్పింది. వెంకట్రామయ్య నాలుగు రోజులు అన్నం దగ్గర మాట్లాడకుండా తిని, చివరికి దిగొచ్చాడు. దిగొచ్చినా ఒక మెలిక పెట్టాడు. వచ్చే గురువారం రాహుకాలం రాకముందు రిజిస్ట్రేషన్ అయిపోవాలి. ఆ రోజు దాటితే పిల్లర్ల గుంతలు ఆ మూలతో కలిపే తీయిస్తాడు. మేస్త్రీ ప్లాను కోసం కూర్చుని ఉన్నాడు, ఇక ఆగేది లేదన్నాడు.

అలీ సాహెబ్ భార్య జీనత్ ఆ వారమంతా నేల మీద నడవలేదు. కొత్త షట్టరుకు ఏ రంగు వేయించాలో కూతురు ఉజ్మాతో వాదించుకుంది. డబ్బు సిద్ధంగా ఉంది. గురువారం రావడమే మిగిలింది.

దానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం, నమాజు ముగించుకుని దుకాణం తీస్తుండగా వెంకట్రామయ్య ఫోన్ చేశాడు. కాఫీ మిషను చెడిందని, సాయంత్రం గురజాల నుంచి పార్టీవాళ్లు వస్తున్నారని, మావాడు బెంగళూరు కాఫీ పోస్తాడని వాళ్లతో చెప్పుకున్నానని, ఉన్నపళంగా రమ్మని అన్నాడు. అలీ సాహెబ్ అలాంటి మిషను జన్మలో విప్పలేదు. ఆ మాట అనలేదు. స్క్రూడ్రైవర్లూ సీరీస్ బల్బూ సంచిలో వేసుకుని బండి తీశాడు.

వంటింటి గట్టు మీద మిషను మెరుస్తూ కూర్చుని ఉంది. ముందు ఒక పిడి, పక్కన ఆవిరి వదిలే ముక్కు, వెనక నీళ్ల డబ్బా. సందీప్ ఫోను చూస్తూ దాని ముందు నిలబడి ఉన్నాడు. మర్యాదగల కుర్రాడు, చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాడు. లైటు వెలుగుతోందని, పంపు తిరుగుతోందని, నీళ్లు మాత్రం చల్లగానే వస్తున్నాయని చెప్పాడు. ఫోనులో రాసినట్టే తను ఒక్కొక్కటీ చేసి చూశాడట. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాడు. ఆ ప్లగ్గు కాదని ఫ్రిజ్జు ప్లగ్గులో పెట్టాడు. నీళ్ల డబ్బా తీసి మళ్లీ బిగించాడు. బటను నొక్కిపట్టి మొదటికి తెచ్చాడు. ఇక మిగిలింది లోపల పట్టిన సున్నం కడగడమట. నిమ్మ ఉప్పు నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టమని రాశారు.

“ఫోనులో చదివి బాగుచేసేదైతే మేం దుకాణాలెందుకు తెరుచుకుని కూర్చుంటాం నాయనా” అన్నాడు అలీ సాహెబ్. గుమ్మంలో నిలబడ్డ వెంకట్రామయ్య పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు అలీ సాహెబ్‌కు బాగా ఎక్కింది.

వెనక మూత విప్పి, కరెంటు పారితే వెలిగే సీరీస్ బల్బు పెట్టి ఒక్కో తీగా చూసుకుంటూ పోయాడు. హీటరు బాగానే ఉంది. దానికి వెళ్లే దారిలో తెల్ల గొట్టంలో దూర్చిన చిటికెన గోరంత ఫ్యూజు ఉంది. అక్కడ బల్బు వెలగలేదు. వేడి హద్దు దాటితే తనంతట తాను తెగిపోయి హీటరును ఆపే ఫ్యూజు అది. పోయిందని చూపించాడు. ఎందుకు పోయిందని సందీప్ అడిగాడు.

“ఫ్యూజన్నాక పోతది. పోకపోతే అది ఫ్యూజెట్టా అయింది.”

వెంకట్రామయ్య మళ్లీ నవ్వాడు. కాని ఆ ఫ్యూజు ఎందుకు పోయిందో అలీ సాహెబ్‌కు అప్పటికే తెలుసు. హీటరు గొట్టం అంచున, వేడిని కనిపెట్టే థర్మోస్టాట్ చుట్టూ, తెల్లగా గట్టిగా సున్నం పేరుకుని ఉంది. ఈ నేలంతా సున్నపురాయి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు వారం తిరిగేసరికి అడుగున తెల్ల పొర కడుతుంది. పేటలో సగం ఇళ్ల గీజర్ల కాయిల్స్ మీద పట్టిన సున్నాన్ని స్క్రూడ్రైవరుతో గీకినవాడు అతను. సున్నం కింద వేడి ఎక్కడికీ పోలేక ఎలా పెరుగుతుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. సందీప్ ఫోనులో ఉన్నదే నిజం. ముందు కడగాలి, తర్వాత అదే రకం ఫ్యూజు వేయాలి, థర్మోస్టాట్ సరిగా ఆపుతోందో లేదో చూసుకోవాలి. ఆ ఫ్యూజు పేటలో దొరకదు, గుంటూరు వెళ్లాలి.

సందీప్ కూడా అదే అన్నాడు. ఇవాళ్టికి పొయ్యి మీద కాఫీ కాచి ఇద్దామని, తొందరేం లేదని, కావాలంటే తనే గుంటూరు వెళ్లి ఫ్యూజు తెస్తానని అన్నాడు. అంతటితో ఆగిపోయేది. వద్దన్నది అలీ సాహెబే. గుమ్మంలో వెంకట్రామయ్య ఉన్నాడు. గురువారం సంతకాల దగ్గర కూర్చునేదీ ఆ వెంకట్రామయ్యే. మా అలీ చేతికి లొంగని మిషను లేదని అప్పటికే ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. ఆ మనిషి మొహం మీద ఆ నవ్వు అలాగే ఉండాలని అలీ సాహెబ్‌కు అనిపించింది. అలాంటి ఫ్యూజు సంచిలోనే ఒకటి ఉందని, గంటలో అయిపోతుందని చెప్పాడు. సందీప్‌కు పైన ఏదో మీటింగు ఉంది, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

డైరెక్ట్ చేయడమంటే ఏమిటో పల్నాటి రైతును అడిగితే చెబుతాడు. ఎండాకాలం పొలాల మీద ఓల్టేజీ ఉండదు. మోటారు లాగలేక వేడెక్కుతుంది. వేడెక్కితే స్టార్టరులోని రిలే దాన్ని ఆపేస్తుంది. అందుకే దాన్ని పెట్టారు. కాని మిరప తోటకు తడి అందాల్సిన రోజున మోటారు ఆగితే రైతు ఊరుకోలేడు. ఆ రిలేని పీకేసి డైరెక్ట్ చెయ్ సాయిబూ అంటాడు. అలీ సాహెబ్ చేస్తాడు. మోటారు ఆ తడి పెట్టి తోటను గట్టెక్కిస్తుంది, నెలకో రెణ్ణెల్లకో కాలిపోతుంది. కాలిన మోటారు మళ్లీ అలీ సాహెబ్ అరుగు మీదికే వస్తుంది. రైతు కరెంటువాళ్లను తిడతాడు గాని అలీ సాహెబ్‌ను ఒక్క మాట అనడు. తోట నిలబడింది గదా. రెంటచింతల దాకా అతనికి పేరొచ్చింది ఈ పనితోనే. పొలంలో మొదలైంది మెల్లగా ఇళ్లలోకీ పాకింది. గీజరు ఆగిపోతే డైరెక్ట్, ఇస్త్రీ పెట్టె ఆగిపోతే డైరెక్ట్. అదొక తప్పని ఊళ్లో ఎవరూ అనుకోలేదు, అతనూ అనుకోలేదు.

ఆ రోజు మాత్రం అనుకున్నాడు. తీగ ముక్క కత్తిరించి, పోయిన ఫ్యూజు తీసి సంచిలో పడేసి, దాని చోట రెండు కొసలనూ ఆ తీగతో కలిపి, పైన గొట్టం తొడిగి, వైండింగ్ దారంతో ముడివేస్తుంటే ఇది తోట కాదు గదా అనే మాట ఒకటి లోపల మెదిలింది. రెండు రోజులే అనుకున్నాడు. ఆదివారం గుంటూరు వెళ్లి ఫ్యూజు తెచ్చి, నిమ్మ ఉప్పుతో కడిగి, ఎవరికీ తెలియకుండా సరిచేయవచ్చు. మూత బిగించాడు.

మిషను గుక్కెడు నీళ్లు తాగి బుసకొట్టింది. ప్రమీలమ్మ తన కోడలు శ్రీదివ్య నేర్పినట్టు పొడి అదిమి, పిడి తిప్పి, మొదటి కప్పు పట్టి అలీ సాహెబ్ చేతికే ఇచ్చింది. చెయ్యి బాగున్నవాడికే ముందు అంది. అది కషాయంలా చేదుగా ఉంది. బాగుంది వదినా అన్నాడు. మిషను వదిలేసి ఎక్కడికీ వెళ్లొద్దని, కాఫీ అవగానే స్విచ్ ఆపేయాలని, రెండు రోజులు జాగ్రత్తని చెప్పడానికి నోరు తెరిచాడు. ఎందుకు అని ఆమె అడిగితే పని సగంలోనే ఉందని ఒప్పుకోవాలి. ఈలోగా వెంకట్రామయ్య వచ్చి భుజం తట్టాడు. గురువారం కొత్త చొక్కా వేసుకుని రారా అన్నాడు. అలీ సాహెబ్ నోరు మూసుకుని కాఫీ తాగేశాడు.

ఆదివారం గుంటూరు వెళ్లలేదు. రొంపిచర్ల నుంచి మూడు మోటార్లు వచ్చి పడ్డాయి.

సోమవారం పొద్దున ప్రమీలమ్మ చెయ్యి కాలింది.

మధ్యాహ్నం జీనత్‌కు ఎవరో చెప్పారు, జీనత్ దుకాణానికి ఫోన్ చేసింది. మిషను వేసి పూజ గదిలోకి వెళ్లిందట. లేచి వచ్చేసరికి అది కుతకుతలాడుతోందట. కాఫీ అయిపోయిందనుకుని పిడి పట్టుకుని తిప్పింది. అది ఊడి మీదికి వచ్చింది. ఆవిరీ మరిగే నీళ్లూ పొడీ కలిసి కుడి చేతి వేళ్ల నుంచి మోచేతి దాకా పడ్డాయి. అలీ సాహెబ్ చేతిలో సగం చుట్టిన కాయిల్ ఉంది. తర్వాత చూసుకుంటే చుట్టు లెక్క తప్పిపోయింది, మొత్తం విప్పి మళ్లీ చుట్టాల్సి వచ్చింది.

సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాడు. వెళ్లకపోతే బాగుండదు, వెళితే ఎలా ఉంటుందో తెలియదు. ప్రమీలమ్మ హాలులో దివాను మీద కూర్చుని ఉంది. చెయ్యి తెల్లటి కట్టులో దిండు మీద ఉంది. వేళ్ల కొసలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, ఉబ్బి, నీలి రంగు మందు పూసి. వెంకట్రామయ్య అటూ ఇటూ తిరుగుతూ ఆమెను తిడుతున్నాడు. భయంతో తిట్టే తిట్లు అవి. పూజలో కూర్చుంటే దీనికి లోకం తెలవదని, స్విచ్ వేసి మరిచిపోయిందని, చేతకాని మిషన్ల జోలికి పోవద్దంటే వినలేదని. ప్రమీలమ్మ కట్టు చేతి వైపు తలవంచుకుని వింటోంది. మొగుడి మొహం మీద మాట చెప్పగల ఆడమనిషి అలా తలవంచుకోవడం అలీ సాహెబ్ చూడలేకపోయాడు. గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె అతన్ని కూర్చోమంది. తర్వాత మెల్లగా అడిగింది.

“నా వల్లనే గదా అలీ? నువ్వు చక్కగా చేసిచ్చి పోతివి. నేనే మర్చిపోయినా.”

ఆ మాటకు అతను క్యాలెండరు మీది నుంచి చూపు తీశాడు. ఆమె మొహంలో నింద లేదు. తెలుసుకోవాలని మాత్రమే ఉంది. హాలులో అందరూ అతని నోటి వైపు చూస్తున్నారు. గురువారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి.

“అవునొదినా. స్విచ్ ఆపాల్సింది” అన్నాడు.

అదిగో అన్నట్టు వెంకట్రామయ్య చెయ్యి ఊపాడు. ప్రమీలమ్మ తలూపింది. అంతే. శ్రీదివ్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మరిచిపోయిన స్విచ్‌ను కనిపెట్టుకుని ఉండడానికే ఆ గోరంత ఫ్యూజును లోపల పెట్టారు. ఆ సంగతి ఆ హాలులో తెలిసినవాడు అతనొక్కడే.

మిషను ఎలా ఉందో చూస్తానని, దుకాణానికి తీసుకుపోతానని తనే అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని కళ్ల ముందు నుంచి తీసేస్తే చాలన్నాడు వెంకట్రామయ్య. షట్టరు సగం దించి విప్పాడు. థర్మోస్టాట్ సున్నంలో కూరుకుపోయి అతుక్కుపోయింది. ఇక వేడిని ఆపడానికి ఏమీ లేదు. తన తీగ ముక్క తన ముడితో చెక్కుచెదరకుండా ఉంది. వైండింగ్ మేస్త్రీలు ఎవరి ముడి వాళ్లు గుర్తుపడతారు, అది అలీ సాహెబ్ ముడి. కత్తెరతో కోసి పాత రాగి గోతంలో వేశాడు. సంచి అడుగున పడి ఉన్న ఆ పోయిన ఫ్యూజును తీసి, దాని చోట దాన్ని పెట్టి బిగించాడు. పని చేస్తున్నంతసేపూ చేతులు తడబడలేదు. అది అతనికి ఇంకా సిగ్గనిపించింది.

మంగళవారం సందీప్ దుకాణానికి వచ్చాడు. ఏమైనా తెలిసిందా బాబాయ్ అన్నాడు. శుక్రవారం వేసిన కొత్త ఫ్యూజు కూడా పోయి ఉందని, తన పని అది చేసిందని, కాకపోతే ఆలస్యంగా తెగిందని అలీ సాహెబ్ చూపించాడు. ఇంజనీరింగు చదివినవాడు, పట్టుకుంటాడేమోనని ఎదురు చూశాడు. పట్టుకుంటే బాగుండునని కూడా ఒక పక్క అనుకున్నాడు. సందీప్ ఫ్యూజు వైపు సరిగా చూడనే లేదు. అతని ధ్యాస వేరే ఉంది.

“అమ్మ తన తప్పేనని కుంగిపోతా ఉంది. మిషన్‌దే తప్పని ఒక్క మాట చెప్పు బాబాయ్. మేం చెబితే ఊరడించడానికి అంటున్నారనుకుంటది. నువ్వు చెబితే నమ్ముతది.”

చెప్తాలే అన్నాడు అలీ సాహెబ్. సందీప్ వెళ్లిపోయాక చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. అంత తేలికైన దారి ఇంకొకటి దొరకదు. తను ఒప్పుకోనక్కర్లేదు, ఎవరి ముందూ తలవంచనక్కర్లేదు, మిషను మీదికి నెట్టేస్తే చాలు. ఆమెకు ఊరట, తనకు జాగా. బుధవారం పొద్దున రెండుసార్లు బండి తీశాడు, రెండుసార్లూ వీధి మొగలో తిప్పేశాడు. ఆమె మొహం చూస్తూ మళ్లీ ఇంకో అబద్ధం చెప్పడానికి కాళ్లు రాలేదు. నిజం చెప్పడానికీ రాలేదు.

బుధవారం సాయంత్రం ప్రమీలమ్మే ఫోన్ చేసింది. దస్తావేజు పని ఆపొద్దని, చెయ్యి ఇలా ఉందని నువ్వు మొహమాటపడతావని తెలిసే చేస్తున్నానని, ఎడమ చేతి వేలిముద్ర చాలంటున్నారని అంది. ఆయన మళ్లీ మనసు మార్చుకోకముందే అయిపోనిమ్మంది. అలీ సాహెబ్ ఊఁ ఊఁ అంటూ విన్నాడు. జీనత్ పక్కనే కొత్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అన్నం ఎందుకు తినలేదని అడిగితే ఎండ దెబ్బ అన్నాడు.

గురువారం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర పెళ్లి పందిరి కింద ఉన్నంత జనం ఉన్నారు. అలీ సాహెబ్ సంచి చంకన పెట్టుకుని వసారా మెట్ల దాకా వచ్చాడు. స్తంభం అవతల బల్ల మీద ప్రమీలమ్మ కూర్చుని ఉంది. కట్టు చేతిని ఇంకో చేత్తో పొత్తిళ్లలో బిడ్డలా పట్టుకుంది. శ్రీదివ్య పేపరు మడిచి విసురుతోంది. వెంకట్రామయ్య వాచీ చూసుకుంటున్నాడు. ఎదురుగా దస్తావేజులు రాసే పున్నయ్య కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని కాగితాలు తిప్పుతున్నాడు. ఇంకా నాలుగు మెట్లు ఎక్కితే చాలు, వదినా అని పలకరించి పక్కన కూర్చోవచ్చు.

అప్పుడే పున్నయ్య లోపల కంప్యూటరు దగ్గరున్న మనిషికి వినపడేట్టు కేకేశాడు.

“అమ్మగారిది సంతకం కాదు, నిశానీ. మార్చి కొట్టించు.”

బల్ల మీద కూర్చున్న వాళ్లంతా తలతిప్పి చూశారు. ప్రమీలమ్మ శావల్యాపురం బళ్లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన మనిషి. గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాసి కింద గీత గీస్తుంది. అద్దె రసీదుల మీద ఆ సంతకం అలీ సాహెబ్ ఎన్నేళ్లుగానో చూస్తున్నాడు. తనలాంటి ఆరో తరగతివాడు కూడా వంకరగానైనా సంతకం చేస్తాడు. నిశానీ అనేది చదువు రానివాళ్ల మాట. ఆమె మొహం ఎర్రబడింది. చుట్టూ చూస్తున్న వాళ్ల కోసం నవ్వింది.

“రాయి పున్నయ్యా, నిశానీ అనే రాయి. నా మతిమరుపుకి అదే సరి” అంది.

అలీ సాహెబ్ మెట్లు దిగిపోయాడు.

బండి ఎక్కడ పెట్టాడో కూడా గుర్తు రాలేదు. నడుచుకుంటూ స్టేషను దాకా పోయి ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ముందు సందీప్ పేరు, తర్వాత వెంకట్రామయ్య పేరు, తర్వాత జీనత్ పేరు, ఆ తర్వాత ప్రమీలమ్మ పేరు. ఆమెది మోగినప్పుడు ఫోను బోర్లించి బెంచీ మీద పెట్టాడు. ఒక గూడ్సు బండి సిమెంటు దుమ్ము రాలుస్తూ పోయింది. పోనీ, ఇప్పుడైనా లేచి వెళదాం అనుకున్నాడు. వెళితే ఆమె ఎడమ బొటనవేలు తన కోసం వేలిముద్రల మిషను మీద పెడుతుంది, తను ఎదురుగా కూర్చుని చూడాలి. రాహుకాలం వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. వచ్చాక ఫోను మోగడం ఆగిపోయింది.

వెంకట్రామయ్యకు కోపం జాగా సంగతికి కాదు. కట్టు చేత్తో ఆడమనిషిని అంతసేపు నలుగురిలో కూర్చోబెట్టి రాకపోవడం ఆయనకు తల కొట్టేసినంత పనైంది. వాడికి అక్కర్లేదు, ఇక ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దని అనేశాడు. ఈసారి ప్రమీలమ్మ అడ్డం తిరగలేదు.

మర్నాడు సందీప్ వచ్చాడు. నిష్ఠూరంగా కాదు, ఏమైందోనని కంగారుగా వచ్చాడు. అలీ సాహెబ్ డబ్బు సర్దుబాటు కాలేదన్నాడు. ఆ మాత్రానికేనా బాబాయ్, నాతో ఒక్క మాట అనలేకపోయావా, నేను ఇస్తాను, నాన్నను ఎట్టాగో ఒప్పిస్తానన్నాడు సందీప్. అలీ సాహెబ్‌కు ఆ కుర్రాడి మీద అసహ్యం పుట్టింది. అంత మంచితనం మొహం మీద పడేసరికి ఊపిరాడలేదు. అసలు నువ్వు బెంగళూరు నుంచి ఎందుకొచ్చావురా అనాలనిపించింది. ఆ జాగా మాకు కలిసి రాదులే, వేరే చోటు చూసుకున్నాం అన్నాడు. సందీప్ కాసేపు అతని మొహంలోకి చూసి, బాగుచేసినా చేయకపోయినా ఆ మిషను ఇక ఇంటికి వద్దని అమ్మ అంటోందని చెప్పి వెళ్లిపోయాడు.

జీనత్‌కు ఏం చెప్పాలో తోచలేదు. కాగితాల్లో ఏదో లిటిగేషను బయటపడిందన్నాడు. ఆమె నమ్మలేదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో మొగుడు అబద్ధం ఆడేటప్పుడు ఎటు చూస్తాడో ఆమెకు తెలుసు. పోనీ నేను పోయి వదిన కాళ్లు పట్టుకుంటానని బుర్ఖా తీసింది. తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

“వద్దు. ఆ గుమ్మం ఎక్కమాక. ఎక్కితే నన్ను చంపుకున్నట్టే.”

ఆ గొంతు విని ఆమె బుర్ఖా మళ్లీ మేకుకు తగిలించింది. ఆ తర్వాత ఆ ప్రస్తావన తేలేదు.

వారం తిరక్కుండా మేస్త్రీ మనుషులు వచ్చారు. రేకులు విప్పడానికి కూలీలు ఎందుకని అలీ సాహెబ్ తనే నిచ్చెన వేసి విప్పాడు. పొట్ట విప్పిన మోటార్లన్నీ ట్రాలీ ఎక్కాయి. కొత్త దుకాణం ఊరి బయట అద్దెకు దొరికింది, రైతులు అక్కడికీ వస్తున్నారు. డైరెక్ట్ చెయ్ సాయిబూ అంటారు. నాకు చేతకాదని పంపేస్తాడు, వాళ్లు ఇంకొకరి దగ్గర చేయించుకుంటారు. ప్రమీలమ్మ చెయ్యి మానిందని, రెండు వేళ్లు మాత్రం పూర్తిగా ముడవడం లేదని విన్నాడు. చూడలేదు. ఆ వీధిలోంచి వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళతాడు.

ఖాళీ చేసిన రోజున మేస్త్రీ గుంతలకు ముగ్గు పోయడానికి టేపు తీశాడు. అవతల కొస పట్టుకోవడానికి ఎవరూ లేక అలీ సాహెబ్‌ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాడు. షెడ్డు ఉన్న ఆ మూల ముక్క రోడ్డు వైపు పన్నెండు అడుగులు. లోపలికి ఇరవై ఏడు. మేస్త్రీ సెల్లులో గుణించి తొమ్మిదితో భాగించి పైకే చదివాడు. ముప్పై ఆరు గజాలు.